రెండు కన్నాల పిన్ను

ముందుగదిలో గోడవారగా ఎలక్ట్రానిక్ పియానో. దాని దగ్గర ముగ్గురు: అమ్మకానికి పెట్టిన నర్సు, కొనడానికి వచ్చిన స్కూలు టీచరు, గుమ్మం పట్టుకుని నిలబడ్డ నర్సు కూతురు చిట్టి.

“సెకండ్ హ్యాండ్ అని పేరుకే టీచరుగారూ. ముట్టుకుంటేగా అరగడానికి.”

“మీ అమ్మాయి నేర్చుకోలేదా సిస్టర్?”

“ఏడ్చి మరీ కొనిపించుకుంది. నాది నైట్ డ్యూటీ, పగలు ఆ పక్కగదిలోనే పడుకుంటాను. చెంచా కిందపడితే లేచి కూర్చునే మనిషిని. ఇది మోగగా ఒక్కనాడు వింటే ఒట్టు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా అంటాను, పూలకుండీ పెట్టుకోడానికి భలే ఉంది వదినా అని.”

“అమ్మా.”

“ఏం, అబద్ధమా? అమ్మేస్తున్నానే అంటే కాదన్లేదు కూడా టీచరుగారూ. కానివ్వండి, వాయించి చూసుకోండి.”

“నాకేం వచ్చు, మా అబ్బాయికి కదా. లైటయితే వెలిగింది. నొక్కుతున్నాను సిస్టర్, ఉలుకూ పలుకూ లేదే.”

“గట్టిగా నొక్కండి.”

“గట్టిగానే.”

“పొద్దున తుడిచాను కూడానూ. ఆన్ చేసి చూడలేదనుకోండి. చిట్టీ, ఏం చేశావే దీన్ని?”

“ఏం చెయ్యలేదు.”

“ఏం చెయ్యకుండానే మూగదైపోయిందా? పాడైన సరుకు అంటగడుతున్నాననుకునేరు. నాకు తల కొట్టేసినట్టుంది టీచరుగారూ.”

“అయ్యో, అనుకోను లెండి. ఉండండి, కింద ఏదో గుచ్చి ఉంది.”

“నేను తీస్తాను ఆంటీ. మీరుండండి.”

“వచ్చేసిందమ్మా. ఇదిగో, ఇప్పుడు వినండి సిస్టర్. మోగుతోంది. ఇది ఇయర్‌ఫోన్ల పిన్ను. ఇది గుచ్చి ఉంటే చప్పుడు బయటికి రాదు, చెవిలో పెట్టుకున్నవాళ్ళకే.”

“ఇయర్‌ఫోన్లా? ఎప్పుడు వాయిస్తావే నువ్వు?”

“స్కూలు నుంచి వచ్చాక.”

“రోజూనా?”

“ఊఁ.”

“నేను పక్కగదిలోనే ఉంటాను కదే.”

“అందుకే.”

“సిస్టర్, నేను ఇంకోరోజు వస్తాను లెండి. మీరిద్దరూ మాట్లాడుకోండి.”

“ఉండండి, ఉండండి. ఏదీ, ఇలా ఇవ్వండి. దీనికి రెండు కన్నాలున్నాయేం?”

“ఒకేసారి ఇద్దరు వినడానికి. మా వాడూ వాడి స్నేహితుడూ ఫోనుకి ఇలాంటిదే పెట్టుకుంటారు.”

“ఇద్దరా? చిట్టీ, రెండోవాళ్ళెవరు?”

“ఎవరూ లేరు.”

“నేను పడుకున్నప్పుడు ఇంటికి ఎవర్ని రానిస్తున్నావే?”

“సిస్టర్, చిన్నపిల్లని పట్టుకుని...”

“మీరాగండి టీచరుగారూ. మీ ఎదురుగానే అడుగుతున్నాను. ఎవడు వాడు?”

“వాడూ లేడు, వీడూ లేడు. ఒకదాంట్లో నావి పెట్టుకుంటాను. రెండోది వట్టిదే.”

“వట్టిదయితే ఒక్క కన్నంది చాలదూ? రెండు కన్నాలది ఎందుకు కొన్నావు?”

“ఇంకో జత ఇయర్‌ఫోన్లు కూడా కొన్నాను. సొరుగులో ఉన్నాయి. కవరు కూడా విప్పలేదు.”

“ఎవరికని అడుగుతుంటే?”

“నీకే అమ్మా. ఎప్పుడైనా లేచొచ్చి, ఏం వాయిస్తున్నావే అని అడుగుతావని.”