తేయాకు కొండలో వాటా

డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండే బెంచీలు. రోడ్డు వైపు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషిని అందరూ ఎకరాలాయన అంటారు. రంగుల దుకాణంలో ఇరవయ్యేళ్లు డబ్బాల్లో రంగు కలిపి అమ్మాడు. ఇప్పుడు ఆయన నోట ఎకరాలే తప్ప లీటర్లు రావు. పక్కన ఆయన బావమరిది, సిటీ బస్సు కండక్టర్. ఉద్యోగం వదిలేసి, వచ్చే సొమ్మంతా బావగారి తేయాకు తోటలో పెట్టి, అక్కడే సూపర్‌వైజరుగా చేరిపోదామని అతని ఆలోచన. వాలంటరీ రిటైర్మెంటు కాయితం మీద సంతకం పెట్టడానికి రేపే ఆఖరు రోజు. ఎదురు బెంచీ మీద డిపో మెకానిక్. పొయ్యి దగ్గర కొట్టు యజమానురాలు. ఆవిడ ఊళ్లో అందరికీ పిన్నే.

"మొదటినుంచి చెప్పు బావా," అన్నాడు కండక్టర్. "వీళ్లు పూర్తిగా వినలేదు."

"చెప్పడానికేముందిరా, చిన్న విషయం. పదకొండు రోజులు వెళ్లొచ్చాను, ఓ తోటలో ఓ వాటా తీసుకున్నాను, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా. దేశం పేరు మాత్రం అడక్కండి. చెబితే రేపు సాయంత్రానికి ఈ డిపో అంతా అక్కడ దిగి రేట్లు పెంచేస్తుంది. నలభయ్యేళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్న దేశమది. బయటివాడు సూది అమ్ముతానన్నా సరిహద్దులోంచే తిప్పి పంపేవాళ్లు. అలాంటిది నిరుడు, రండి బాబూ, పెట్టుబడులు పెట్టండి అని పేపర్లో వేసింది. ఆ పేపరు సిరా ఆరకముందే నేను వెళ్లి పెట్టుబడుల ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. తాళం వేసుంది. గుమాస్తా వచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఏమన్నాడో తెలుసా? 'నిజంగానే వచ్చేశారా?' అన్నాడు. లోపల కుర్చీ లేదు, బల్ల లేదు, గోడకి సున్నం ఇంకా తడిగా ఉంది. చేత్తో రాసి చూశాను, వేళ్లకి అంటుకుంది. నాది ఒకటో నంబరు ఫైలు."

"నీకంటే ముందు ఎవరూ రాలేదా అన్నా?" అన్నాడు మెకానిక్.

"ఎలా వస్తారోయ్, నేను వెళ్లేసరికి దేశం సగమే తెరిచారు! సరే, కాయితాలు రాశారు, ముద్ర వెయ్యాలి. రబ్బరు స్టాంపు ఇంకా రాలేదట, పై ఊరినుంచి రావాలట. గుమాస్తా తల పట్టుకున్నాడు. నేను చూశాను, చూశాను, నా చేతిలో టీ గ్లాసుంది కదా, దాని అడుగు తడిగానే ఉంది, ఠపీమని కాయితం మీద పెట్టి తీశాను. గుండ్రంగా, గోధుమరంగులో పడింది ముద్ర. గుమాస్తా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ దేశంలో ఈనాటికీ అదే రాజముద్ర. పాస్‌పోర్టు మీదా అదే, నోటు మీదా అదే. సరిగ్గా చూస్తే అంచున చిన్న గాటు కూడా ఉంటుంది. నా గ్లాసు పెచ్చు ఊడిన చోటది."

పిన్ని తన గ్లాసుల్లో ఒకదాన్ని తిరగేసి అడుగు చూసి, మళ్లీ బోర్లించింది.

"తోటెంత?" అడిగింది.

"నా వాటా అయిదెకరాలు పిన్నీ."

"మొన్న రెండెకరాలన్నావు," అన్నాడు మెకానిక్.

"మొన్నటికి అంతే. అభివృద్ధి చెందుతున్న దేశంరా అది, దేనికదే పెరుగుతుంటుంది. పాత ప్రభుత్వం వేసిన తోట. కొలవడానికి అమీను టేపు పట్టుకుని నడిచాడు, చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి, మొదట పెట్టిన మేకు కనిపించలేదు. మొక్కలు కమ్మేశాయి. అంత సారం ఆ మట్టిలో! మట్టి కాదది, ముద్ద. పొద్దున కొమ్మ నాటితే మధ్యాహ్నానికి దాని నీడలో కూర్చుని భోంచేయొచ్చు. ఒకసారి మేస్త్రీ నాట్లు వేయిస్తూ చెప్పులేసుకోవడానికి వంగాడు పాపం, లేచేసరికి చుట్టూ అడవి. ఈలలు వేసుకుంటూ వెతికాం. సాయంత్రానికి దొరికాడు, గడ్డం పెరిగిపోయి."

"ఆయన గడ్డం కూడా ఆ మట్టి మహిమేనా?" అన్నాడు మెకానిక్.

"గాలి మహిమ. మధ్యలో మాట్లాడకు."

"ఎన్నాళ్లకోసారి కోత?" అంది పిన్ని, టీ వడపోస్తూ.

"నాళ్లేమిటి పిన్నీ! గంటకోసారి. కోసేవాళ్లు ఆ చివరికి చేరేలోపు ఈ చివర మళ్లీ చిగురేస్తుంది. వెనక్కి తిరిగి చూడటానికి భయపడేవాళ్లు."

పిన్ని గ్లాసులు నింపి బెంచీ చివర పెట్టింది.

"గది ఇస్తారన్నావు కదా బావా," అన్నాడు కండక్టర్. "అది చెప్పు. మా ఆవిడ అదే అడుగుతోంది. రేపు సంతకం పెట్టేస్తే నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి."

"గదేమిట్రా, బంగళా! కిటికీలోంచి చెయ్యి చాపితే మబ్బు తగులుతుంది. పొద్దున్నే మొహం కడుక్కోవడానికి నీళ్లు మొయ్యక్కర్లేదు, అలా బయటికి మొహం పెట్టి లోపలికి తీసుకోవడమే. అయితే దానికంటే పెద్ద విషయం ఫ్యాక్టరీది. అందరూ అడిగారు నన్ను, తోట సరే, ఫ్యాక్టరీ ఏదయ్యా, ఆకు వాడబెట్టాలి, నలపాలి, పులియబెట్టాలి, ఆరబెట్టాలి, మిషన్లకి ఎంతవుతుందో తెలుసా అని భయపెట్టారు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలుసా? మా కొండ ఏటవాలు అలాంటిది. పైన కోసిన ఆకు చేతిలోంచి జారిందంటే ఇక ఆగదు, కిందికి దొర్లుతూనే ఉంటుంది. మొదటి మలుపులో ఎండ, అక్కడ వాడుతుంది. తర్వాత గులకరాళ్లు, వాటి మధ్య పడి నలుగుతుంది. నడిమధ్యన మబ్బు ఒకటి పడుకునుంటుంది ఎప్పుడూ, దాంట్లో దూరి పులుస్తుంది. మబ్బు దాటాక వేడిగాలి, కరకరా ఆరిపోతుంది. అడుగున సంచీ మూతి విప్పి పట్టుకుంటే చాలు, టీ పొడి వచ్చి పడుతుంది. నాణ్యమైన పొడి మొదటి సంచీలో, నూక రెండో దాంట్లో, దుమ్ము మూడో దాంట్లో. కొండే ఫ్యాక్టరీ! కరెంటు బిల్లు లేదు, మిషను లేదు, మెకానిక్కూ లేడు."

"నా పొట్ట కొట్టావు," అన్నాడు మెకానిక్. "మరి ఆ సంచీ ఎవరు పట్టుకుంటారు?"

"వీడు పట్టుకుంటాడు," అని బావమరిది వీపు చరిచాడు ఎకరాలాయన. "సూపర్‌వైజరంటే మరేంటనుకున్నావు?"

కండక్టర్ నవ్వాడు గానీ, పదిహేడేళ్ల సర్వీసు వదిలి సంచీ పట్టుకోవడం అన్న మాట అతనికి ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. గ్లాసు కింద పెట్టేశాడు.

ఎకరాలాయన అది చూశాడో లేదో, గొంతు ఇంకో మెట్టు పెంచాడు. "అసలు కథ ఇప్పుడొస్తుంది. ఓ రోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, బిందెలు బోర్లించినట్టు. సంచీలు కట్టేలోపే కొండ మీదున్న పొడంతా తడిసి ఏట్లోకి దిగిపోయింది. ఏరేమో మామూలుగానే వేడినీళ్ల బుగ్గ దగ్గర పుట్టింది. ఇంకేముంది? చిక్కటి డికాషను, గట్టుకీ గట్టుకీ నిండుగా, పొగలు కక్కుకుంటూ, రాజధాని మీదుగా సముద్రానికి! జనం చెంబులు పట్టుకుని పరిగెత్తారు. మున్సిపాలిటీ వాళ్లు కుళాయిల్లో వదిలేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దేశం దేశమంతా నిద్రపోవడం మానేసింది."

"పాపం పసిపిల్లలు," అంది పిన్ని.

"పిల్లలు లెక్కలు చేసుకుంటూ కూర్చున్నారు పిన్నీ! పెద్దవాళ్లు ఏం చెయ్యాలో తోచక పనికెళ్లారు. రెండు షిఫ్టుల మిల్లులు మూడు షిఫ్టులయ్యాయి, మూడు షిఫ్టులవి ఆరయ్యాయి. మంచాలు కొనేవాడు లేక వడ్రంగులంతా బల్లలు చెయ్యడం మొదలెట్టారు, పెట్టుబడుల ఆఫీసుకి బల్ల అలాగే వచ్చింది. నెల తిరిగేసరికి దేశం ఆదాయం రెట్టింపు. పెద్ద పెద్ద దేశాలనుంచి ఆర్థిక నిపుణులు కోట్లు వేసుకుని విమానం దిగారు, ఏం సంస్కరణలు చేశారండీ అని. ప్రభుత్వం నన్ను చూపించింది. నేను ఏటిని చూపించాను. వాళ్లు వంగి ఒక గుక్క తాగారు. ఇప్పటికీ మేలుకునే ఉన్నారు."

మెకానిక్ బెంచీ మీద చరిచి నవ్వాడు. టికెట్ల మిషను మార్చుకోవడానికి రోడ్డు దాటుతున్న ఇంకో కండక్టరు కూడా ఆగి విన్నాడు.

"ఆర్థికమంత్రి పదవి ఇస్తామన్నారు. ఒట్టు! బంట్రోతు కారుతో వచ్చాడు బంగళాకి. వద్దన్నాను. ఎందుకన్నానో తెలుసా? ఒకటో తారీకులోపు ఇంటికి రాకపోతే మీ అక్క ఊరుకోదు. మంత్రిపదవి మళ్లీ వస్తుంది, మీ అక్క ఊరుకోవడం మళ్లీ రాదు."

"అది మాత్రం నమ్ముతాను," అన్నాడు కండక్టర్. తర్వాత గొంతు తగ్గించాడు. "బావా, నవ్వులకి కాదు. రేపు పది గంటలకి నేను కాయితం ఇచ్చేస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేను. తోట బాగుంది కదా? ఆ ఏరూ అవీ వదిలెయ్. తోట."

"బాగుందా అంటావేంటి! చూపిస్తా ఉండు." ఎకరాలాయన ఫోను తీసి, వేలితో నాలుగుసార్లు తోసి, బెంచీ మీద పెట్టాడు. "నా చేత్తో తీసిన ఫొటో. కళ్లతో చూసి మాట్లాడండి. మొక్క చూడు, మనిషికంటే ఎత్తు! పూలు చూడు పూలు! ఆకు కనిపిస్తోందా అసలు? కొండ కొండంతా తెల్లగా! తేనెటీగల మోత చెవులు బద్దలయ్యేలా ఉంది అక్కడ. ఈ విరగబూత చూసి ఎవడైనా చెప్పగలడు, ఇది ఎంత గొప్ప తోటో."

ఫోను చేతులు మారింది. మెకానిక్ చూసి, "పూలు నిజంగానే బాగున్నాయి," అన్నాడు. కండక్టర్ చాలాసేపు చూశాడు. పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుని తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది తేయాకే," అంది.

"చూశారా!"

"పధ్నాలుగేళ్లు కోశాను నాయనా ఈ ఆకు. పెళ్లికి ముందు, మా అమ్మ పక్క వరసలో. వారం పదిరోజులకోసారి చిగురు గిల్లుతుంటే ఇది నడుం దాటి ఎదగదు. పూత కూడా ఎక్కడో ఒకటీ అరా. చిగురు తుంచేవాళ్లు లేనప్పుడే మొక్క ఇలా పైకి పోతుంది, ఇంతేసి పూస్తుంది. మా తోటలో ఇలా పూసిన మడి కనబడితే మేస్త్రీకి ఆ రోజు కూలి ఉండేది కాదు." ఫోను ఆయన ముందు పెట్టింది. "నీ తోటలో రెండేళ్లుగా మనిషి అడుగుపెట్టలేదు."

మెకానిక్ నవ్వబోయి గ్లాసు అందుకున్నాడు. ఇందాక ఆగి విన్న ఇంకో కండక్టరు రోడ్డు దాటేశాడు.

"బావా," అన్నాడు బావమరిది. "అక్కడ కోతకి మనుషులున్నారా?"

ఎకరాలాయన ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"లేరు."

"మేస్త్రీ?"

"లేడు. గేటుకి తాళం. డబ్బు ఇక్కడే ఏజెంటుకి కట్టేశాను, తర్వాత చూసొద్దామని వెళ్లాను. ఫొటో కంచె బయటినుంచి తీశాను. పూలు బాగున్నాయి కదాని తీశాను."

"మరి నన్ను రమ్మన్నావు!"

"నేను రమ్మనలేదురా. నువ్వే వస్తానన్నావు. వద్దనాలంటే ఇదంతా చెప్పాల్సొస్తుంది కదా. రేపు పొద్దున్న చెబుదామనుకున్నాను, పది లోపు."

పిన్ని పొయ్యి మంట తగ్గించింది. డిపోలోంచి ఏదో బస్సు వెనక్కి వస్తూ హారన్ కొట్టింది.

"అక్కకి తెలుసా?"

"తోట బాగా కాపుకొచ్చిందని తెలుసు."

కండక్టర్ లేచి చొక్కా సర్దుకున్నాడు. "నాలుగూ పదికి నా బండి. మీ వీధి మీదుగానే వెళ్తుంది. ఎక్కు. అక్కకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను."

ఎకరాలాయన లేచాడు.

"ఎంతవరకు చెప్పమంటావు?"

"జరిగినంత."

"అంతేనా?" అన్నాడాయన, కాస్త నీరసంగా. "అయితే రెండు నిమిషాల్లో అయిపోతుంది."