బండి వెనుక ఎవరున్నారని అడిగిన కృపారాణి గారు

2006 జూన్ పన్నెండున, తొలకరికి తడిసిన ధ్రువపత్రాలను కొంగుతో తుడుచుకుంటూ శ్రీమతి కృపారాణి గారు ఇబ్రహీంపట్నంలోని మా వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా బాధ్యతలు స్వీకరించారు. ఆ పత్రాలు అందుకున్న గుమస్తాను నేనే కనుక, ఈ నెలాఖరున వారి పదవీ విరమణ సందర్భంగా నాలుగు మాటలు రాసే భాగ్యమూ నాకే దక్కింది.

తొలి సంవత్సరాలలో వారు ఊరూరా తిరిగి బాధిత కుటుంబాలతో మాట్లాడారు. తదనంతరం, మద్యం సేవించి వాహనం నడిపి శిక్ష పడినవారిని న్యాయస్థానం మా వద్దకు పంపనారంభించగా, పన్నెండు వారాల ఆ చికిత్స భారమంతా తామే వహించారు. ఎంత తాగారని అందరూ అడిగేవారు. కృపారాణి గారు మాత్రం ఇన్నాళ్లూ ఇల్లెలా చేరారని ఆసక్తిగా అడిగేవారు. బండికే తోవ తెలుసని చెప్పినవారు ఎందరో ఉన్నారు. ఆ ప్రశ్నల పరంపరకు నా భోజన విరామాలు ఎన్ని బలయ్యాయో లెక్కలేదు.

మూడేళ్ల కిందట, ఆదిభట్లకు కంపెనీ బస్సు నడిపే జంగయ్య గారు తాగి సొంత మోటారు సైకిల్ నడుపుతూ పడిపోయి శిక్షకు గురయ్యారు. చికిత్స పూర్తయినట్లు మా పత్రం ఉంటేనే ఉద్యోగం తిరిగి దక్కుతుంది. చివరి వారం నేను తొందరపడి ఆ పత్రం ముందే టైపు చేశాను. కృపారాణి గారు సంతకం పెట్టబోతూ ఆగి, పడిననాడు బండి వెనుక ఎవరున్నారని అడిగారు. ఆ సంగతి దస్త్రంలో ఎక్కడా లేదు. జంగయ్య గారు తన బిడ్డ నవత అన్నారు. అప్పుడు చెయ్యి విరిగిన ఆ ఇంటర్ విద్యార్థిని నాటి నుండి తండ్రి బండి ఎక్కలేదట. అమ్మాయిని తీసుకువస్తేనే సంతకమన్నారు కృపారాణి గారు. నిబంధనలలో అలా లేదని కోపంగానే చెప్పాను.

"అవ్ సాయన్నా, రూల్ల లేదు. ఆ పిల్ల భయం గూడ రూల్ల లేదు" అని వారు నాతో అన్నారు.

మరుసటి వారం నవత వచ్చింది. కృపారాణి గారు నచ్చజెప్పబోలేదు, ఆమెను తండ్రితో మాట్లాడనిచ్చారు.

"బాపూ, కోర్టుల చెప్పినవ్, మేడంకు చెప్పినవ్. ఇగ తాగనని నాకు ఒక్కపారి గూడ చెప్పలే."

జంగయ్య గారు ఆనాడే బిడ్డకు మాట ఇచ్చారు, క్షమించమని అడిగారు. పత్రంపై సంతకం పడింది, ఉద్యోగమూ వచ్చింది. నవత మాత్రం ఆ తర్వాతా కాలేజీకి ఆర్టీసీ బస్సులోనే వెళ్లేది.

విరమణ వార్త విని పోయిన వారం తండ్రీకూతుళ్లు ఒకే బండిపై మా కార్యాలయానికి వచ్చారు. భయం కావడం లేదా అని కృపారాణి గారు వాకిట్లోనే నవతను అడిగారు.

"అయితది మేడం. అయినా ఎక్కిన."

కృపారాణి గారు మరో ప్రశ్న అడగకుండానే ఒకరిని లోపలికి పిలవడం నేను చూడటం అదే మొదలు. ఆ బిడ్డకు మళ్లీ తండ్రి వెనుక కూర్చునే ధైర్యాన్నిచ్చిన మా కృపారాణి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, తరగని కుతూహలంతో నూరేళ్లు చల్లగా ఉండాలని, వారు బయలుదేరిన ప్రతిసారీ క్షేమంగా ఇల్లు చేరాలని మనసారా కోరుకుంటున్నాను.