నాంచారమ్మ కొంగూ పొడుగు బ్లేడూ

వడ్డికాసులని ఉన్నాడు మా లంకలో, నాంచారమ్మ మొగుడు. చేతిలో మిషనుంటే ఆయనగారికి కాలు నేల మీద ఆనదు. బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు కోత మిషను ఒకటుందిలే, చేపల చెరువుల కాడ గొట్టాలు కొయ్యటానికి కొన్నాడు. ఆ ఏడు ఏమైందంటే, వానలు దగ్గరికొచ్చినయ్యి, నాంచారమ్మ దోనె చూస్తే పుచ్చిపోయింది. దోనె లేకపోతే నీళ్ళొచ్చినప్పుడు బాతుల కాడికి పోయేదెట్టా? ఆ బాతులేగా తల్లీ ఆమె బతుకు! గాలికి పడ్డ తాడిచెట్టుంది, దాన్ని తొలిచి దోనె చేసిపెట్టవయ్యా అందంట. ఓస్, అంతేనా అన్నాడు. మిషను పెట్టాడు. మొదలు ఎంత లావనుకున్నావు, బ్లేడు సగానిక్కూడా అందలా. ఈ పక్క కాసేపు, ఆ పక్క కాసేపు, ఎలక కొరికినట్టు కొరికాడు. నాంచారమ్మ గట్టు మీద కూచుని, "కానీ కానీ, వానలు ఎల్లిపోయేలోపు తెగుద్దిలే" అందంట.

రోషం రాదూ మరి? ఏలూరు బస్సెక్కాడు. ఈ కొట్లో లేదు, ఆ కొట్లో లేదు, చివరికో ముసలాయన అటక మీంచి తీశాడంట పొడుగు బ్లేళ్ళు. ఎంత మందం కొయ్యాలబ్బాయ్ అంటే, "నీకెందుకు బాబాయ్, ఉన్నాట్లోకల్లా పొడుగుది ఇయ్యి" అన్నాడు మనోడు. ఇస్తాగానీ విను, మందానికి కాస్త మించితే చాలు, ఊరికే పొడుగైతే ఊగుద్ది, ఒంగుద్ది, మిషను మూతి చెక్కకి గట్టిగా ఆనించు, ప్లగ్గు పీకి బ్లేడు మార్చు, మొన అవతల ఎక్కడ తేల్తదో ముందు చూసుకో అని పాపం ఆయన చెప్తానే ఉన్నాడు. మనోడు ఆఁ ఆఁ అన్నాడు. చెవులైతే అక్కడే ఉన్నయ్యనుకో.

మొదలు తెగింది. అబద్ధమెందుకు, బ్రహ్మాండంగా తెగింది. ఇక చూడు గొప్ప! దోనె లోపల తొలవటానికి ముందు గాట్లు పెట్టాలిగా, "ఆ పొడుగుది తీసేసి చిన్నది పెట్టుకోవయ్యా" అంది నాంచారమ్మ. "తియ్యటం పెట్టటం ఎందుకే, దీంతోనే లాగిచ్చేస్తా" అన్నాడు. మాను కింద ఎత్తు పెట్టిన దిమ్మ జరిగిందని, సర్దటానికి ఆమె వంగింది. ఈయన చూళ్ళా. బర్రుమని పొడిచాడు. మొన అడుగునించి బయటికొచ్చి ఆమె కొంగు పట్టుకుంది! అరిస్తే ఇనపడితేనా ఆ మోతలో? కొంగు లాక్కుపోతంది, మనిషి కూడా పోతంది. పక్కన మిషను కరెంటు తీగ కనపడింది, పట్టుకుని ఒక్క గుంజు గుంజింది, ప్లగ్గు ఊడింది. ఇటొచ్చి చూసి వడ్డికాసులు కూలబడిపోయాడంట, "నాంచారీ, నిన్ను చంపుకునేవాణ్ణే" అని పసిపిల్లాడల్లే ఏడ్చాడంట. ఆమె ఏమందీ, "నాకేం కాలా. దోనెకే అయ్యింది, లే, లేచి ఇంకోటి చెయ్యి" అంది.

చేశాడు, చిన్న బ్లేడుతో, బుద్ధిగా. బొక్క దోనెలో ఇప్పుడు బాతులు గుడ్లు పెడతన్నయ్యి. ఆ చిరిగిన కొంగు కుట్టిచ్చుకోవే అంటే, "ఉండనీ, గాలాడుద్ది" అని ఆయన ముందే కట్టుకు తిరుగుద్ది. మనిషి మాత్రం మారాడమ్మా. మిషను ముట్టుకుంటే చాలు, "నాంచారీ, ఎక్కడున్నావే?" అని కేకేస్తాడు. పొయ్యి కాడ కూర కలుపుకుంటా, "నీ బ్లేడు అందనంత దూరంలో!" అంటది ఈమె.

నవ్వుతారేంటే? నా కాపురం మొత్తంలో మా ఆయన నేనెక్కడున్నానని ఒక్కసారన్నా అడగలా. ఆయనకీ ఓ పొడుగు బ్లేడు కొనిపెట్టాల్సిందే.