మార్జిన్లో అమ్మ

బ్వేనస్ ఎయిరెస్‌లో నవలలు రాసుకునే ఫెర్మీన్, మనస్తత్వశాస్త్రం పుస్తకమొకటి కనబడక వెతుక్కుంటూ వాళ్లమ్మ నేలిదా ఉన్న వంటింట్లోకి వచ్చాడు.

“ఏ పుస్తకం?”

“నీలం అట్టదమ్మా. నా మంచం పక్కనే ఉండాలి.”

“నేను చూళ్లేదు. మార్జిన్లన్నీ పెన్సిలుతో కెలికి పెట్టావు, అదేనా?”

“చదివావా?”

“కళ్లజోడు లేకుండా నేనేం చదువుతాను. నూట పన్నెండో పేజీలో, ‘ఎదుటివాళ్లని మాట పూర్తి చెయ్యనివ్వదు, అచ్చం అమ్మే’ అని...”

“అది నువ్వు కాదు. నవల్లో ఒక...”

“పాత్ర.”

“అవును. ఆ పాత్రకి వాళ్ల...”

“అమ్మ.”

“నన్ను చెప్పనిస్తావా?”

“చెప్పు. ఆ అమ్మ కూడా ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన బంగాళాదుంప న్యోకీలు వండి, కొడుకు రెండోసారి వడ్డించుకోకపోతే కళ్లనీళ్లు పెట్టుకుంటుందా?”

“అనుకోకుండా అలా కలిసొచ్చింది.”

“కలిసొచ్చింది. ‘లేని జబ్బులు తెచ్చిపెట్టుకోవడం’ అన్నచోట మూడు గీతలున్నాయి. మూడెందుకు?”

“పెన్సిలు సరిగ్గా పడలేదు. అమ్మా, తప్పయిపోయింది. తిట్టాలనుంటే తిట్టు. సోమవారానికి నవల ఇచ్చెయ్యాలి, నోట్సంతా అందులోనే ఉంది. ఇచ్చెయ్.”

“ఇవ్వను. నాకింకా సగమే బట్టీ వచ్చింది.”

“బట్టీ ఏంటి?”

“పోయిన నెల మా డాక్టరు ఏమన్నాడో తెలుసా? ‘మీ మనసుకి ఏ జబ్బూ లేదు నేలిదా గారూ, ఇక రానక్కర్లేదు’ అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఒక్క గురువారం మానలేదురా నేను.”

“నయమైతే మంచిదేగా.”

“మంచిదట. ఈ వీధిలో మనసుకి డాక్టరు లేని ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు. ఎదురింటి ఒఫేలియాకి ఇద్దరున్నారు. నేనేం మొహం పెట్టుకుని తిరగాలి?”

“అయితే నా పుస్తకం...”

“మొన్న డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, బట్టీ వచ్చినంతవరకు నువ్వు రాసినవి వరసగా ఒప్పజెప్పాను, అన్నీ నాకున్నాయన్నాను. ఆవలిస్తున్నవాడు ఆ ఆవలింత సగంలో ఆపేశాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పెన్ను తీశాడు. వారానికి రెండుసార్లు రమ్మన్నాడు.”

“అవి నిజాలు కావమ్మా. నవల కోసం పెంచి రాశాను.”

“బాగా పెంచావు. ఆ పుస్తకం రెండో సంపుటం కూడా కొనుక్కొచ్చాను, పెన్సిలు చెక్కి పెట్టాను. గురువారం లోపు గీతలు గీసి ఇచ్చెయ్. ఈసారి మీ నాన్న పేరు ఎక్కడా రాయకు, అన్నీ నాకే కావాలి.”