మూడు దేశాలు చూపిన గోడ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని వడల కోసం వెనక్కి తిరిగి చూస్తున్న మా బయ్యన్నకు నమస్కారం. (నవ్వులు)

ఎలిజబెత్ టీచరమ్మ పదవీ విరమణ సభలో అందరూ ఆమె చెప్పిన పాఠాల గురించే మాట్లాడారు. మాజీ సర్పంచ్‌గా నేను ఆమె అనుమానం గురించి చెబుతాను.

గాలిమరల కంపెనీ మా ఊరి గుట్ట కౌలుకు అడిగినప్పుడు, ఇదే బడి ఆవరణలో సభ పెట్టాం. డెన్మార్క్, స్వీడన్, నార్వేల నుంచి ముగ్గురు ఇంజనీర్లు వచ్చి, ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటున్నారు. మాకు మాత్రం మాటిమాటికీ ఒకటే మాట వినిపిస్తోంది.

గొర్రెల లింగన్న, కంపెనీ తరఫున వచ్చిన ఏజెంటు రాజేంద్రను అడిగాడు. "ఏమప్పా, మూర మూర అంటాండారు?"

"మీ భూమి ఒక్క మూర కూడా ఎక్కువ తీసుకోం అంటాండారన్నా."

జనం చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కొట్టలేదు. "దొరలకు మన మూర యాడ తెలుసు?" అని నా చెవిలో అని, ఆ ముగ్గురినీ ఒక్కొక్కరిగా పక్కకు పిలిచి, ఆ మాటకు అర్థమేమిటని ఇంగ్లీషులో అడిగింది. మూడు దేశాలవాళ్లూ చెయ్యెత్తి బడి ప్రహరీగోడనే చూపించారు.

ఆ గోడ ఎక్కడ కడతారని అడిగితే, గుట్ట చుట్టూ అన్నారు. అంటే గొర్రెలు నీళ్లకు వెళ్లే దారికి అడ్డంగా. రాజేంద్ర మాకు చెప్పని సంగతి అదొక్కటే. సంతకాలు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఎవరు ఎవరి చెవిన వేశారో, ఒప్పందం చెడగొట్టడానికి ఇంకో కంపెనీ ఆమెను పంపిందని పుకారు పుట్టింది. ఆ వెంటే మడకశిరకు బదిలీ వచ్చింది. సాగనంపడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. బస్సు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను.

"నా సంగతి ఇడిచిపెట్టు ఇంద్రాణమ్మా. గోడలో దారి ఇడిచినాకే సంతకం పెట్టు" అంది.

అట్లాగే పెట్టాను. ఈ పొద్దున కూడా లింగన్న గొర్రెలు ఆ దారినే పోయాయి. ఆలస్యంగానైనా టీచరమ్మ మళ్లీ మా బడికే వచ్చి, ఇక్కడే పదవీ విరమణ చేస్తోంది.

టీచరమ్మా, చివరి వరుసలో కొత్త సోలార్ కంపెనీ ఏజెంటు మీకోసం పట్టుశాలువా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కప్పించుకోండి, కాదనను. కానీ ఆయన మాట్లాడేటప్పుడు దయచేసి నా పక్కన కూర్చోండి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.