తుంటి అరగకూడదని

ఆ పసిబిడ్డ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం, ఇంట్లో కుక్కకు తుంటి అరిగి కాళ్లు పడిపోతాయేమోనని. గొర్రెలను కాసే జాతికి అది మామూలేనని ఎక్కడో చదివింది. చంకలో బిడ్డతో పశువుల డాక్టరమ్మ ముందు కూర్చుంది.

"ఎక్స్‌రే చూశానమ్మా. తుంటి ఉక్కులా ఉంది."

"మరి కళ్లండీ? ఈ జాతికి చూపు కూడా పోతుందట కదా?"

"నా బిస్కెట్ల డబ్బా వైపు ఎలా చూస్తోందో కనబడటం లేదూ? దీనికున్న జబ్బల్లా పెరిగిపోయిన ఒళ్లే. మంద వెంట రోజంతా పరుగెత్తే జాతి ఇది. అసలు నడిపిస్తున్నారా?"

"అమ్మో! నడిస్తే తుంటి అరగదూ? మా మూడంతస్తుల మెట్లూ ఎత్తుకునే దించుతాం, ఎత్తుకునే ఎక్కిస్తాం."

"ముప్పై కిలోలుంది! ఎవరు ఎత్తుకుంటారమ్మా?"

"మా అత్తయ్య. నా చంకలో బిడ్డ ఉంది కదండీ. పాపం, ఒక్కమాట అనరు."

"ఆవిడ రాలేదా?"

"వచ్చారండీ. దీన్ని మీ గుమ్మం దాకా మోసుకొచ్చింది ఆవిడే. నడుం పట్టేసిందని బయట మెట్ల మీద కూర్చున్నారు."

"ఎంతసేపైంది?"

"గంట అయ్యుంటుంది. డాక్టరుగారూ, పోనీ దీని చెవులు కూడా ఒకసారి చూస్తారా?"

లోపల చెవుల పరీక్ష మొదలైంది. అది ఇప్పట్లో తేలేది కాదు. అటుగా వెళ్లేవాళ్లెవరైనా మెట్ల మీదున్న ఆ పెద్దావిడను కాస్త లేపి నిలబెట్టి చూడండి. బాగానే ఉన్నానంటుంది, నమ్మకండి.