మీ మామయ్య నన్ను డాన్సర్ని చేసిన ఆదివారం

"అత్తా, సిడ్నీలో నువ్వూ మామయ్యా టాంగో డాన్సు చూడ్డానికి వెళ్ళి గొడవపడ్డారట, నిజమేనా?"

గొడవ కాదే. మీ మామయ్య నా గురించి అబద్ధం చెప్పాడు, నేను అందరి ముందూ కాదన్నాను. జరిగింది అంతే.

మీ మామయ్యకి వైటూకే పని, అదే రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లని సరిచేసే పని, అయిపోవచ్చిన రోజులు. టూంగాబీలో ఉండేవాళ్ళం, రెండు గదుల ఇల్లు, కాదు, ఒకటిన్నర అనాలి. ఆయన కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. పొడిగిస్తే ఉంటాం, లేకపోతే వీసా పోయి సామాను సర్దుకోవడమే. పొడిగించాల్సింది గ్రెగ్ అని, మీ మామయ్య మేనేజరు. ఆ గ్రెగ్గే టీమందర్నీ భార్యలతో సహా ఆదివారం మధ్యాహ్నం షోకి పిలిచాడు. టికెట్టు మీద ధర చూసి ఇరవయ్యెనిమిదితో గుణించాను, అప్పట్లో అన్నీ గుణించేవాళ్ళం కదా. మా అమ్మకి రెండు నెలల కూరల ఖర్చు.

ఓ మేడమీద గది. ముప్ఫై కుర్చీలుంటాయేమో. డాన్సు చేసే జంట గిర్రున తిరిగితే గౌను అంచు మన మోకాళ్ళకి తగిలేది. ఓ ముసలాయన, హార్మోనియం పెట్టెని రెండు చేతుల మధ్య సాగదీసినట్టుంటుంది చూడు, అది వాయిస్తున్నాడు. బాగుంది, బాగాలేదనను.

రెండో పాట అయ్యాక ఆ జంటలో మగ డాన్సరు తిన్నగా నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. నేను మీ మామయ్య కేసి చూశాను. ఆయన నా చెవిలో, "నువ్వు క్లాసికల్ డాన్సర్‌వని గ్రెగ్‌తో చెప్పాను. పదిహేనేళ్ళ అనుభవం అన్నాను. వెళ్ళు, ఏవో నాలుగడుగులు వెయ్యి" అన్నాడు.

ఐదో తరగతిలో ఆర్నెల్లు కూచిపూడికి వెళ్ళాను, మీ తాతయ్యకి బదిలీ అయ్యేదాకా. ఆర్నెల్లని పదిహేనేళ్ళు చేశాడు. ఆ రోజుల్లో మనవాళ్ళ రెజ్యూమేలు అలానే ఉండేవిలే, మూడు నెలలు కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని నాలుగేళ్ళ అనుభవమని రాసేవాళ్ళు. ఆ అలవాటు ఇంట్లోకొచ్చింది.

లేచాను. కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను. డాన్సరు నా వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు, బిగుసుకుపోయానని తెలిసిందేమో. "వచ్చా మీకు?" అని మెల్లగా అడిగాడు. రాదన్నాను. నేనూ మెల్లగానే అందామనుకున్నా, గది చిన్నది. అందరికీ వినపడింది.

గ్రెగ్ నవ్వాడు. నవ్వుతూనే మీ మామయ్య వైపు తిరిగి, "మరి నీ కోబాల్ ఎన్నేళ్ళు, ప్రసాద్?" అన్నాడు.

అందరూ నవ్వారు. మీ మామయ్య నవ్వలేదు. వచ్చి కూర్చున్నాను. షో ఇంకా గంట ఉంది. ఆ గంటా ఆయన మోకాలు ఊగుతూనే ఉంది.

రైల్లో అన్నాడు, "నాలుగడుగులు వేస్తే నీ సొమ్మేం పోయేది?"

"మీ అబద్ధాలు మీరు చెప్పుకోండి. నన్ను అందులో కలపకండి" అన్నాను.

ఏడాది అడిగితే మూణ్ణెల్లు పొడిగించారు. నా వల్లేనంటాడు, ఇప్పటికీ. అయ్యుండొచ్చు. మూణ్ణెల్ల తర్వాత ఏంటో తెలీదు, ఇక నేనూ ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. రెజ్యూమే తను టైప్ చేస్తానన్నాడు, ఎమ్మెస్సీ తర్వాత ఖాళీగా ఉన్న ఆరేళ్ళకీ ఏదో ఒక కంపెనీ పేరు పెడతానని. వద్దన్నాను. ఆరేళ్ళు ఇంట్లో ఉన్నానని రాసి పంపాను. చాలాచోట్ల పిలవలేదు. ఒకచోట పిలిచారు. ఆ తర్వాత నాలుగుసార్లు ఉద్యోగం మారాను. నాలుగుసార్లూ రెజ్యూమేలో ఆ ఆరేళ్ళ లైను అలాగే పంపాను.